చేతిలోని బత్తెము

బత్తెమనెడి మాట మన వ్యవహారమునుండి మెల్లమెల్లగా జారిపోవుచున్నది. పూర్వము కోర్టుకు సాక్ష్యము చెప్పబోయిన రైతునకు బత్తెమిచ్చెడివారు. సర్కారు పనిమీద పొరుగూరు పోవు బంట్రోతునకు బత్తెమిచ్చెడివారు. దండులోని సిపాయికి జీతము వేరు, బత్తెము వేరు. జీతము నెలకు ముట్టునది, ఇంటిల్లిపాదికిని చెందునది. బత్తెము దినమునకు లెక్కగట్టబడునది, ఇల్లు విడిచి బయలుదేరిన మనుష్యుని ఆకలిదప్పులకు మాత్రమే చెందునది. ఈ రెంటి భేదమును చక్కగా ఎఱిగిన మన పెద్దలు ప్రయాణపు సొమ్మును సంసారపు సొమ్మునుండి వేరు చేసి, చిన్న మూటగా కట్టి, ఆ మూటను పోవువాని మొలలోనే దోపి పంపెడివారు. పరదేశయాత్ర సామాన్యగృహస్థునకు సైతము సాధ్యమైన ఈ కాలమున ఆ మాటను, ఆ మాటలోని యుక్తిని మరల మన యిండ్లలోనికి తెచ్చుకొనవలసియున్నదని మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

విశాఖలోని మా గాజువాకలో పరదేశమన్నది నేడు దూరపు మాట కాదు. ఉక్కు కర్మాగారము సోవియట్ దేశపు సాంకేతిక సహకారముతో లేచుచున్న దినములలో ఎవరైనను రష్యాకు పోయి వచ్చిరనిన వారిని చూచుటకు వీధివారందఱును పోయెడివారు. 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు ఆ కర్మాగారమును జాతికి అంకితము చేసిన నాటికి ఇచ్చట కొలువులలో కుదురుకొనియున్న తరమువారు నేడు పదవీవిరమణ చేసి, భవిష్యనిధి సొమ్ములో కొంత తీసి, భార్యాసమేతముగా సింగపూరుకో బ్యాంకాకుకో పోయి వచ్చుచున్నారు. వారి బిడ్డలు డల్లాసునందో సిడ్నీయందో స్థిరపడి, పురుళ్ళకును పుట్టినదినములకును తల్లిదండ్రులను పిలిపించుకొనుచున్నారు. ఆటోనగరు షెడ్లలో వెల్డింగు నేర్చిన కుఱ్ఱవాండ్రు అబూదాబికిని దోహాకును పోవుచున్నారు. కూర్మన్నపాలెమునుండి సింధియా వఱకును గల ఈ పారిశ్రామిక సీమలో పాసుపోర్టు లేని యిల్లు ఏదియని వెదకవలసిన దినములు వచ్చినవి.

ఈ ప్రయాణములకు ముందు ఇంటింట జరుగు సన్నాహమును నేను శ్రద్ధతో గమనించుచుందును. టిక్కెట్టు ధర రేపు తగ్గునేమోయని నెల దినములు వేచియుందురు. వీసాకు కావలసిన కాగితములు మూడేసి ప్రతులు తీయించి భద్రపరతురు. జాడీలోని ఆవకాయను సీసాలోనికి మార్చి, సీసాకు మూడు చుట్లు ప్లాస్టిక్ కవరు చుట్టి, పెట్టె పరిమితి దాటినదేమోయని తూకపు కొక్కెమునకు తగిలించి ఎత్తి చూతురు. ఇంత జాగరూకత వహించినవారిని, అక్కడ దిగిన తరువాత దినమునకు చేతిఖర్చు ఎంత అనుకొన్నారని అడిగితిమా, “కార్డుంది గదండీ, ఎల్లేక చూసుకుందాం” అనెడి సమాధానమే తఱచుగా వినవచ్చును.

విమానపు కూలి, బస, వీసా రుసుము మున్నగునవి ముందుగానే చెల్లించివేసిన వ్యయములు. వానిలో పొరపాటు జరిగినను ఒక్కసారి జరుగును, దానితో తేలిపోవును. దినవెచ్చమట్లు కాదు. అది ఉదయపు కాఫీతో మొదలై రాత్రి మంచినీళ్ళ సీసాతో ముగియు వఱకు, చిన్నచిన్న మొత్తములుగా, మనకు అలవాటు లేని నోట్లలోను నాణెములలోను, ఎవరెవరికో ఎక్కడెక్కడో చెల్లిపోవు సొమ్ము. దానిని ముందుగా కొలిచి పెట్టుకొనని కుటుంబము రెండు దారులలో ఒకటి పట్టును: మొదటి మూడు దినములు చేయి విడిచి, కడపటి రెండు దినములు కడుపు కట్టుకొనుట యొకటి, దిగినది మొదలు ప్రతి ధరను రూపాయలలోనికి మార్చుకొని, గుండె గుభేలుమనగా, చూడబోయినది చూడకయే మరలివచ్చుట రెండవది. కావున నా యభిప్రాయమును సూటిగా చెప్పెదను. పరదేశమునకు పోవు కుటుంబము దినవెచ్చమును బయలుదేరుటకు ముందే దినములవారీగాను మనుష్యులవారీగాను విభజించుకొని, ఎవరి భాగమును వారి చేతికే ఈయవలెను. లెక్క వేయుట అందఱును చెప్పుమాటయే. చేతికిచ్చుట మాత్రము ఎవరును చెప్పరు, ఎవరును చేయరు. నేనును చేయలేదు.

మూడేండ్ల క్రిందట, పదవీవిరమణ చేసిన యేడు, నేనును నా భార్యయు విశాఖనుండి నేరుగా సింగపూరునకు విమానమెక్కితిమి. కర్మాగారపు స్టోర్సు విభాగమున ముప్పదేండ్లకు పైగా లెక్క వ్రాసినవాడను. బోల్టులు మొదలు బేరింగుల వఱకు ప్రతి వస్తువునకును బిన్ కార్డుండి, వచ్చినదెంత, పోయినదెంత, నిలువయెంత అని ఆ కార్డుపై నాచేతి వ్రాత లేనిదే ఒక్క మరయును అలమరనుండి కదలెడిది కాదు. అట్టివాడను మా యిద్దఱి ప్రయాణపు డాలర్లనన్నిటిని ఒకే సంచిలో పోసి, ఆ సంచిని నా నడుమునకు కట్టుకొని, కార్డును నా చొక్కా జేబులో పెట్టుకొని, సర్వమును సిద్ధమని తలచితిని.

మూడవనాటి మధ్యాహ్నము లిటిల్ ఇండియాలో, సెరంగూన్ రోడ్డు ప్రక్కన నడచుచున్నాము. ఎండ మన రోహిణీకార్తెను మఱపించుచున్నది. గాలిలో తేమ యెంతగా నున్నదనిన కళ్ళజోడు తుడిచిన కొలది మసకబారుచున్నది. ఒక కొబ్బరిబొండముల కొట్టు ముందు నా భార్య నిలిచినది. బొండము పైభాగము చెక్కి, తెల్లని పెచ్చు కనబడునట్లు మంచుముక్కల నడుమ వరుసగా నిలిపియుంచినారు. ఆమె చేయి సగము చాపినది, ధర వ్రాసిన అట్టముక్క చూచినది, చాపిన చేతిని కొంగు సవరించుకొనుటకు మరల్చినది. 4 సింగపూరు డాలర్లు, నాటి లెక్కకు 240 రూపాయలు. “మన జంక్షన్లో నలభైకి తాగీవచ్చు. నాకేటీ దాహం లేదు, నడండి,” అనినది. నేనును ఆ మాటనే నమ్మినట్లు నడచితిని. ఆ రాత్రి ఆమెకు తల తిరిగి, వాంతి యగునట్లుండి, తెల్లవారు వఱకు నిద్రలేదు.

ప్రక్కన కూర్చుండి తడిగుడ్డతో నొసలు తుడుచుచున్నప్పుడు నాకు తట్టిన విషయమిది. ముప్పదేండ్ల సంసారములో ప్రతి నెలయు నా జీతము ఆమె చేతిలోనే పడినది. పాలవానికి, కిరాణా కొట్టువానికి, పిల్లల ఫీజులకు, నా బస్సు ఛార్జీకి సైతము ఆమెయే లెక్కగట్టి యిచ్చెడిది. నెల కడపట చిల్లర కావలసివచ్చిన యెడల నేను అడిగెడివాడను, ఆమె పోపులపెట్టెలోనుండి తీసి యిచ్చెడిది. ఇంట ఇంతటి గృహనిర్వాహకురాలు సముద్రము దాటగానే వట్టిచేతులతో నా వెనుక నడచుచు, దప్పిక తీర్చుకొనుటకు సైతము నా ముఖము చూడవలసిన స్థితికి వచ్చినది. ఆమె అడిగియుండిన నేను కాదనియుందునా? అననే అనను. అయితే అడుగవలసివచ్చుటయే ఆమె చేయి వెనుకకు తీసినది. ఆమె కొంగున పది డాలర్లుండి, అవి ఈనాటికి నావి అని ఆమె యెఱిగియుండినచో, ఆ బొండము త్రాగియుండెడిది. ధర యెక్కువయని గొణుగుకొనుచునైనను త్రాగియుండెడిది.

పరదేశమున బత్తెము ఎవరి చేతిలో నున్నదను ప్రశ్న ఈ తీరమునకు క్రొత్తది కాదు. విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము, కాకినాడ రేవులనుండి మన తాతలనాటివారు స్టీమరుల డెక్కులమీద రంగమునకు, అనగా నాటి రంగూనునకు, నేటి యాంగోనునకు, వేలకు వేలుగా పోయినారు. ఆ నగరపు రేవులో బస్తాలు మోసినవారు, బియ్యపు మరలలో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు పెక్కురు తెలుగువారే; కోరంగి రేవు పేరే వారికి జాతినామమైపోయి, అచ్చటివారు వారిని కోరంగీలని పిలిచిరి. కూలీలను కూర్చుకొని పోవు మేస్త్రీ ఓడకూలి తానే చెల్లించెడివాడు, దిగిన తరువాత తిండిఖర్చులకు బదులిచ్చెడివాడు, జీతము వచ్చినప్పుడు ముందు తన బాకీ విఱుచుకొని మిగిలినదానిని కూలివాని చేతిలో పెట్టెడివాడు. 1928లో బెనిసన్ అను అధికారి రంగూను కార్మికుల జీవనవ్యయముపై సమర్పించిన నివేదికలో తెలుగువారి వ్యయముల లెక్కలును కలవు; 1933లో అచ్చయిన ఆండ్రూ అనువాని గ్రంథము ఈ మేస్త్రీల పద్ధతిని వివరించినది. వానివలన తెలియవచ్చు ప్రధానవిషయము కూలి తక్కువయనుట మాత్రమే కాదు. దినబత్తెము మఱియొకని చేతిలోనున్న కూలివాడు తన కూలికి తాను యజమాని కాలేకపోయెననుట. ఆ మేస్త్రీకిని, నడుమునకు సంచి కట్టుకొని తిరిగిన భర్తకును పోలిక పెట్టుట కఠినముగా తోచవచ్చును. ఉద్దేశములలో హస్తిమశకాంతరమున్నదని నేనును ఒప్పుకొందును. కాని సొమ్ము ఒకరివద్దను ఆకలి మఱియొకరివద్దను ఉన్నప్పుడు కలుగు సంకోచము రెండు చోట్లను ఒక్కటియే.

తరువాత వచ్చిన తరమునకు మేస్త్రీ లేడు. వానికి మాఱుగా ప్రభుత్వము నిలిచినది. 1965లో అమెరికా తన వలసచట్టమును సడలించిన పిమ్మట, 1923లో విశాఖలో స్థాపితమైన ఆంధ్ర వైద్య కళాశాలనుండి పట్టము పొందిన వైద్యులెందఱో ఆ దేశమునకు పోయిరి. దేశమున విదేశమారకము కఱవైన కాలమది. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గింపబడి, 4 రూపాయల 76 పైసలున్న డాలరు ఏడున్నరయైనది. మేము 8 డాలర్లతో విమానమెక్కితిమని ఆ తరమువారు నేటికిని చెప్పుకొందురు. ఎనిమిదే యుండుటచే వారు వానిని ఎట్లు గడుపవలెనో విమానములోనే నిశ్చయించుకొనెడివారు: ఇంత టెలిఫోనునకు, ఇంత బస్సునకు, ఇంత రొట్టెకు. 1991లో బంగారమును పరదేశమున కుదువబెట్టుకొనవలసిన దుర్దశనుండి తెప్పఱిల్లిన మన దేశము క్రమముగా ఆ కట్టడులను వదలినది. 2004లో ఏటికి 25,000 డాలర్ల హద్దుతో ఆరంభమైన ఉదారచెల్లింపుల పథకము క్రింద నేడు ఒక్కొక్కరు ఏటికి 2,50,000 డాలర్ల వఱకు బయటికి పంపవచ్చును, తీసికొనిపోవచ్చును. రిజర్వు బ్యాంకు కొలిచి యిచ్చుట మానినది కనుక కొలత ఇంటివారి పనియైనది. ఆ పని మనమింకను చేతికెత్తుకొనలేదు.

ఎట్లు కొలువవలెను? మా రెండవ ప్రయాణమునకు ముందు నేనును నా భార్యయు వంటింటి గట్టుపై కాగితము పఱచుకొని వేసిన లెక్కనే చెప్పెదను. మరల సింగపూరే, మొదటిసారి చూడలేకపోయినవి చూడవలెనని ఆమె కోరిక. అయిదు దినములు. ఉదయపు ఫలాహారము బసలోనే కలదు. మధ్యాహ్నము, రాత్రి రెండు పూటలు భోజనము. కొమళవిలాసు వంటి భోజనశాలలో శాకాహారపు భోజనమునకును, హాకర్ సెంటరను తిండికొట్ల సముదాయములోని సాదా తిండికిని ధరలు వేరు కనుక, నడుమగా పూటకు మనిషికి 9 డాలర్లని పెట్టుకొంటిమి. ఇద్దఱికి దినమునకు 36. రైలు, బస్సు 12. కాఫీ, పండ్లు, బొండము — బొండమును పేరు పెట్టి వ్రాయించినది ఆమెయే — 12. మొత్తము దినమునకు 60 డాలర్లు, అయిదు దినములకు 300. దీనికి రెండు దినముల బత్తెము, అనగా 120, ఆపద్ధనముగా కలిపితిమి. విమానము ఆలస్యమైనను, ఒంట్లో బాగుండకపోయినను, దారి తప్పి టాక్సీ యెక్కవలసివచ్చినను అది ఆదుకొనును. మొత్తము 420, నాడు సింగపూరు డాలరు 70 రూపాయల ప్రాంతమున నుండెను కనుక 29,400 రూపాయలు. ప్రవేశపు టిక్కెట్లు ఇంటనుండియే కొనివేసితిమి, వానిని దీనిలో చేర్చలేదు. అచ్చట కుళాయినీరు నిర్భయముగా త్రాగదగినది కనుక నీళ్ళసీసాలకు పద్దు వ్రాయలేదు. ఇంటినుండి రెండు స్టీలు సీసాలు తీసికొనిపోయితిమి.

ఈ లెక్కలో ముఖ్యమైన పని అంతయు ఇంటనే, రూపాయలలో జరిగిపోయినది. ఒకసారి 29,400 మనసొప్పి ప్రక్కన పెట్టితిమా, ఇక అచ్చట రూపాయిని తలపునకు రానీయరాదు. దినమునకు మనిషికి 30 డాలర్లు. ఈ పూటకు ఎంతయైనది, ఇంకను ఎంతయున్నది — ఇంతే. 4 డాలర్ల బొండమును 280 రూపాయలుగా చూచిన కొనబుద్ధి కాదు. 30లో 4గా చూచిన అది దాహమునకు తగిన వెచ్చమే. అట్లే 25 డాలర్ల ఆటబొమ్మ రూపాయలలో ఎట్లున్నను, 30లో 25 అనగానే నేటి భోజనము పోవునని వెంటనే తెలియును. లోభమునకును దుబారాకును కూడ ఒకే మందు పనిచేయుచున్నది.

యాత్రలో లెక్క చూచుకొనుట మన పెద్దలకును తెలిసినదే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నమునుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరినారు. ఆయన యాత్రాచరిత్రను చదివినవారికి ఒక విశేషము తోచకమానదు: దేవాలయములను ఎంత శ్రద్ధతో వర్ణించినారో, మజిలీలో దొరకు సామగ్రిని, సీమసీమకును మాఱు నాణెములను అంత శ్రద్ధతోనే ఆయన వ్రాసిపెట్టినారు. పెద్ద పరివారముతో పదునైదు నెలలు నడచిన మనుష్యునకు రేపటి అంగడిలో ఏ రూపాయి చెల్లుబడియగునో తెలియుట పుణ్యక్షేత్ర మహిమ తెలియుటకంటె తక్కువ యవసరము కాదు. లెక్క చూచుకొనుట యాత్రారసమును చంపునని కొందఱు సెలవిత్తురు. మన భాషలోని మొదటి గొప్ప యాత్రాగ్రంథమే వారికి ప్రత్యుత్తరము.

కార్డు ఉండగా నోట్ల మూటలు ఏలయని మా అబ్బాయి తరమువారు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. కార్డు వలదని నేననను. పెద్ద మొత్తములకు అదియే మేలు, పోయినను ఫోనుమీద ఆపివేయవచ్చును. కాని సాధారణపు క్రెడిట్ కార్డును పరదేశమున గీచినప్పుడు మారకపు ధరపై నూటికి 3, 3½ వఱకు అదనముగా పడుట కలదనియు, ముందుగా డాలర్లు నింపుకొను ఫారెక్స్ కార్డులో ఆ బాధ తక్కువయనియు బయలుదేరుటకు ముందే విచారించుకొనవలెను. మఱియొక మెలకువ: అంగడివాని యంత్రము కొన్నిచోట్ల రూపాయలలో చెల్లింతురా, ఇక్కడి నాణెములో చెల్లింతురా అని అడుగును. రూపాయి అనగానే మనకు సొంతమనిషి కనబడినట్లై దానినే నొక్కుదుము. అది నష్టము, ఆ మార్పిడి ధరను అచ్చటివారు తమకు అనుకూలముగా కట్టుదురు. ఎప్పుడును ఆ దేశపు నాణెమునే ఎంచుకొనవలెను. సింగపూరు, ఎమిరేట్లు, నేపాలు, భూటాను, శ్రీలంక, మారిషసు, ఫ్రాన్సులలో కొన్ని కొన్ని చోట్ల మన యూపీఐ సైతము చెల్లుచున్నది. సంతోషమే, కాని కొన్నిచోట్ల చెల్లుదానిని నమ్ముకొని వట్టిచేతులతో పోరాదు. నోట్ల రూపమున ప్రయాణమునకు మనిషికి 3,000 అమెరికా డాలర్ల వఱకు సామాన్యముగా తీసికొనిపోవచ్చును. మన రూపాయలు 25,000 వఱకు వెంటనుంచుకొనవచ్చును. మిగిలిన పరదేశపు నోట్లు 2,000 అమెరికా డాలర్లకు మించినచో తిరిగివచ్చిన 180 దినములలో బ్యాంకునకు ఒప్పగింపవలెను. విహారయాత్ర ప్యాకేజీ కొన్నప్పుడు వసూలుచేయు టీసీఎస్ అను ముందస్తు పన్ను మొత్తమును ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసికొనవచ్చునను సంగతిని పెన్షనుదారులు పలువురు మఱచిపోవుదురు. అది మఱువదగిన సొమ్ము కాదు.

అయినను నేను నోట్లను పట్టుకొని వ్రేలాడుటకు కారణము మారకపు ధర కాదు. ఒక్క కార్డు ఇంటిల్లిపాదికిని సరిపోవును. అందుచేతనే అది ఒక్కరి చేతిలోనే యుండును. నోటు మాత్రము పంచుకొనుటకు వీలైనది.

ప్యాకేజీ యాత్రలవారి ప్రకటనలను గుఱించియు ఒక్క మాట. భోజనవసతులతో సహా అని పెద్ద యక్షరములతో అచ్చగును; మధ్యాహ్నభోజనము, గైడునకును డ్రైవరునకును ఇచ్చు బహుమానములు, ఐచ్ఛికపు దర్శనములు దీనిలో చేరవను వాక్యము అడుగున చీమతలకాయలంతేసి యక్షరములలో నుండును. ఆ చిన్న యక్షరములే మన దినబత్తెమునకు పట్టిక. వానిని చదివి, చేరనివన్నియు దినములవారీగా వ్రాసికొని, వాని ధరలను బుకింగునకు ముందే కాగితముమీద వ్రాయించుకొనవలెను.

గల్ఫుకు పోవు కుఱ్ఱవాని విషయము వేఱు. అతడు విహారమునకు పోవుటలేదు. అప్పు తీర్చుటకు, చెల్లెలి పెండ్లికి, ఇంటికి పైకప్పు వేయుటకు పోవుచున్నాడు. పనితనపు టెస్టు నెగ్గి, వీసా చేతికి వచ్చిన దినమున ఏజెంటునకు, మెడికలునకు, టిక్కెట్టునకు సర్వము ఊడ్చిపెట్టి, అర్ధరాత్రి విమానాశ్రయములో తన చేతిలో మిగిలిన 500 రూపాయల నోటునుకూడ తల్లికే యిచ్చివేసి లోనికి పోవు బిడ్డలను నేను కన్నులార చూచితిని. మొదటి జీతము చేతికందుటకు నెల పట్టవచ్చును, నెలన్నర పట్టవచ్చును. ఆ నలువది దినములు అతడెట్లు గడపును? తోటివారివద్ద అప్పుచేసి. దినమునకు 25 దిర్హాములనుకొన్నను 40 దినములకు 1,000 దిర్హాములు. ఏజెంటునకు చెల్లించు మొత్తముతోపాటు ఇదియును ఆ ప్రయాణపు మూలవ్యయమేయని ఇంటివారు మొదటి దినముననే వ్రాసికొనవలెను, మూలవ్యయము కూడనప్పుడు ప్రయాణమును ఒక నెల వెనుకకు నెట్టవలెను. దిర్హామును సౌదీ రియాలును అమెరికా డాలరునకు కట్టుబడియున్న నాణెములు, డాలరు 3.67 దిర్హాములు, 3.75 సౌదీ రియాళ్ళు. అందుచేత డాలరు ముందు రూపాయి దిగినకొలది ఇంటినుండి కొనిపోవు దిర్హాము ప్రియమగును, ఇంటికి పంపు దిర్హాము బరువగును. కొనునది ముందుగా కొంచెము కొంచెముగా కొనిపెట్టుకొనుట, పంపునది తన బత్తెమును మినహాయించుకొనియే పంపుట — ఈ రెండును అతనికి ఎవరో ఒకరు చెప్పవలెను. ఇంటికి పంపగా మిగిలినది తినుట కాదు, తినగా మిగిలినది ఇంటికి పంపుట అని తల్లిదండ్రులే నోరార చెప్పిననే తప్ప ఆ బిడ్డ వినడు.

ఇక అమెరికాలో బిడ్డల యిండ్లకు పోవు తల్లిదండ్రులు. వీరిని గుఱించి నాకు కలిగిన వ్యథ ఇంతని చెప్పలేను. బిడ్డలు ప్రేమతో పిలుచుచున్నారు, టిక్కెట్లు పంపుచున్నారు, బీమా కట్టుచున్నారు; లోటు చేయుటలేదు. అయితే అయిదారు నెలలపాటు ఆ తల్లి చేతిలో ఒక్క డాలరుండదు. కావలసినదంతయు ఇంటనుండగా సొమ్మెందుకని బిడ్డ యెంచును. బిడ్డ ఖర్చు పెట్టుచుండగా మనమేల డాలర్లు కొనవలెనని తండ్రి యెంచును. మా వీధిలోని ఒకామె తిరిగివచ్చిన తరువాత నా భార్యతో చెప్పుకొన్న మాటలు నా చెవినింకను ఉన్నవి. వేసవి సాయంకాలము, గంటలు మ్రోయించుకొనుచు ఐస్‌క్రీము బండి వీధిలోనికి వచ్చినది, ఏడేండ్ల మనుమడు ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకొని, “నానమ్మా, కొనవా?” అనినాడు. “ఏటి చెయ్యను పిన్నీ! గాజువాకలో అయితే ఆడు అడక్కుండానే కొంటాను. అక్కడ నా దగ్గిర ఏటుంది? లోపలికెల్లి డాడీని అడగరా అన్నాను. ఆడు లోపలికెల్లి వచ్చేసరికి బండి ఎల్లిపోనాది. ఆడేం ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.”

బండిలోని ఐస్‌క్రీము మూడు నాలుగు డాలర్లుండును. ఆ మొత్తము ఆ యింటివారికి లెక్కలోనిది కాదు. అందుచేతనే అది ఆమె చేతిలో ఉండవలెనను తలపు ఎవరికిని రాలేదు. కర్మాగారమున ఉద్యోగము చేసిన భర్త, మొత్తముగా వచ్చిన గ్రాట్యుయిటీ, ప్రతి నెలయు బ్యాంకులో పడు పెన్షను — అన్నియు ఉన్న గృహిణి మనుమని యెదుట నిరుపేదగా నిలిచినది. తల్లిదండ్రులు అమెరికాకు పోవునప్పుడు తమ సొమ్ముతోనే, తలకు వారమునకు 20 డాలర్ల చొప్పున కొని కొంగున ముడివేసికొని పోవలెను. ఇరువదియాఱు వారములకు 520 డాలర్లు. ఆవకాయలకును, పట్టుచీరలకును, కోడలికి చేయించు గాజులకును పెట్టు వ్యయములో అది యెంత? ఆ సొమ్ముతో ఆమె గుడిలో హుండీలో వేయును, మనుమనికి బండిమీదిది కొనును, కోడలిని ఒకనాడు తానే కాఫీకి పిలుచును. అచ్చట అంగడిలో వ్రాసిన ధరకు పన్ను అదనమని, డల్లాసులో అది నూటికి 8¼ అని, హోటలులో వడ్డించినవారికి నూటికి 15 మొదలు 20 వఱకు ఇచ్చుట ఆచారమని బిడ్డలు ఆమెకు మొదటి వారముననే చెప్పవలెను. చెప్పి, ప్రక్కన నిలుచుండి, చెల్లింపు ఆమెచేతనే చేయింపవలెను. బేరమాడుటలో గాజువాక రైతుబజారును నెగ్గిన మనిషికి ఈ మాత్రము గ్రహించుటకు పూట పట్టదు.

బిడ్డలు దీనికి నొచ్చుకొందురని కొందఱు నాతో వాదించిరి. మేముండగా అమ్మకు వేఱుగా డబ్బెందుకు, మమ్ము పరాయివారిగా చూచుచున్నారా అని అందురట. అననిండు. ఉద్యోగములో చేరిన క్రొత్తలో తల్లి తమకు చిల్లరడబ్బు పంపినప్పుడు, తామెంత పెద్దవారమైనను ఆ డబ్బు తీసికొనుటలో వారు పొందిన సంతోషము వారికి గుర్తుచేసిన చాలును. పెట్టెడివాని చేతికి ఎంత గౌరవమున్నదో, తీసికొనువాని చేతిలో ఎంత సంకోచమున్నదో ఉమ్మడికుటుంబములలో పెరిగిన మన జాతికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

మా యెదురింటివారు వచ్చు నెలలో డల్లాసులోని కుమారునివద్దకు పోవుచున్నారు. మొన్న రాత్రి ఆ దంపతులు మా యింటికి వచ్చినప్పుడు నేను కాగితము తీసి వారములు లెక్కించుచుండగా, నా భార్య పాత పట్టురవికగుడ్డతో అరచేయంత సంచి కుట్టి, లోపల చిల్లరకు వేఱొక అర పెట్టి, ఆ యెదురింటామె చేతిలో ఉంచినది. “వదినా, ఇది నీది. దీనికి అన్నయ్యగారికి లెక్క చెప్పక్కర్లేదు,” అనినది. ఆయన కొంతసేపు ఊరకుండి, “మరి నాది?” అని అడిగినాడు. అప్పటికే రెండవదానికి గుండీ కుట్టుచున్నది.